అమానత్‌గా అందిన శరీరం, అడగకుండా తాగే కషాయం

మొదటి ఖుత్బా

హమ్ద్, దరూద్ తరువాత.

మన ఇండ్లలో ఇటీవల ఒక క్రొత్త వస్తువు కనబడుతున్నది. సింగపూర్‌లోనో మలేషియాలోనో గల్ఫ్ దేశాలలోనో పనిచేసే కుమారుడు సెలవులకు వస్తూ తెచ్చిన మందు పొట్లం అది. దానిపై చైనా అక్షరాలుంటాయి. ఇంట్లో ఎవరికీ ఆ అక్షరాలు రావు. "మోకాళ్ళ నొప్పులకు మంచిదట", "ఒళ్ళు తగ్గుతుందట", "మూలికలే కదా, హాని ఏముంటుంది?" అని ఒకరికొకరు చెప్పుకొని వేడినీళ్ళలో కలిపి త్రాగుతున్నారు. ఇది చిన్న విషయమని కొందరు అనుకోవచ్చు. అయితే మూత్రపిండాలు, కాలేయం, గుండె మనం సంపాదించుకున్న ఆస్తులు కావు. అవి అల్లాహ్ మన వద్ద ఉంచిన అమానత్. కనుక ఈ రోజు మింబర్‌పై నుండి ఈ మాటే చెప్పుకుందాము.

ముందుగా ఒక అపోహ తొలగాలి. చైనా వైద్యాన్ని తక్కువ చేయటం మన ఉద్దేశం కాదు. అది శతాబ్దాల అనుభవం గల వైద్యం. 16వ శతాబ్దంలో లీ షిజెన్ అనే వైద్యుడు దాదాపు 1,900 ఔషధ ద్రవ్యాలను వివరిస్తూ మహాగ్రంథం రచించాడు. ముస్లింలకూ ఆ వైద్యంతో పాత సంబంధమే ఉన్నది. తబ్రీజ్ నగరంలో మంత్రిగా ఉండిన రషీదుద్దీన్ 14వ శతాబ్దారంభంలోనే చైనా వైద్య గ్రంథాలను పారసీక భాషలోకి అనువదింపజేశాడు. చైనాలోని హుయ్ ముస్లింల వైద్య సంప్రదాయానికి చెందిన ఒక గ్రంథం 36 సంపుటాలుగా ఉండేది. నేడు బీజింగ్ జాతీయ గ్రంథాలయంలో నాలుగు మాత్రమే మిగిలాయి. వాటిలో చైనా లిపి ప్రక్కనే మందుల పేర్లు అరబీ లిపిలో కనబడతాయి. విద్య ఎక్కడ ఉన్నా దానిని వెదికి తెచ్చుకున్న సమాజం మనది.

మలేరియాకు నేడు లోకమంతటా వాడే ఆర్టెమిసినిన్ కూడా ఆ దేశపు మూలిక నుండి వచ్చినదే. 4వ శతాబ్దానికి చెందిన వైద్యుడు గె హోంగ్ ఆ ఆకును మరిగించమని చెప్పలేదు. నీటిలో నానబెట్టి, పిండి, ఆ రసం త్రాగమన్నాడు. 1970ల ఆరంభంలో శాస్త్రవేత్త తు యూయూ ఆ ఒక్క మాటపై ఆలోచన నిలిపారు. వేడి వలన మందు గుణం చెడిపోతున్నదేమోనని తక్కువ వేడిమిలో సారం తీశారు. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి లభించింది. ఆమె, ఆమె సహచరులు ఆ మందును మొదట తామే తీసుకున్న మాట నిజమే. కాని ఇంటి వంటగదిలో కాదు, ఆసుపత్రిలో, వైద్యుల పర్యవేక్షణలో తీసుకున్నారు. ఒకే ఆకు మరిగిస్తే ఒక ఫలితం, పిండితే మరొక ఫలితం! పొట్లం విప్పి నీళ్ళలో వేసుకునే మనకు ఈ భేదం ఎవరు చెప్పాలి?

సోదరులారా! చైనా వైద్యం తన నియమాల ప్రకారమే సొంత వైద్యాన్ని అంగీకరించదు. ఆ సంప్రదాయంలో వైద్యుడు రోగిని చూస్తాడు, అతని గొంతును, శ్వాసను గమనిస్తాడు, ప్రశ్నలు అడుగుతాడు, నాడి పట్టి చూస్తాడు. మన హకీములు నబ్జ్ చూసి, నాలుక చూసి, ఆ తరువాతనే నుస్ఖా వ్రాసినట్టే. తలనొప్పితో వచ్చిన ఇద్దరికి రెండు వేర్వేరు మందులు వ్రాయటం అక్కడ సాధారణం. కలిపి వాడకూడని మూలికల జాబితాలు, గర్భిణులకు నిషిద్ధమైన మూలికల జాబితాలు ఆ గ్రంథాలలోనే ఉన్నాయి. వత్సనాభి జాతికి చెందిన దుంపలను ఆ వైద్యులు నొప్పులకు వాడతారు. అయితే ముందు శుద్ధి చేస్తారు, ఎక్కువసేపు విడిగా మరిగించి విషాన్ని తగ్గిస్తారు. తగినంత మరగని కషాయం త్రాగి నోరు తిమ్మిరెక్కి, గుండె లయ తప్పి ఆసుపత్రి పాలైన వారి ఉదంతాలు హాంకాంగ్ వైద్యుల నివేదికలలో అనేకం. కాబట్టి నాడి చూడని, ప్రశ్న అడగని, పాళ్ళు తెలియని మందును "సంప్రదాయ వైద్యం" అని పిలవటమే పొరపాటు. సంప్రదాయంలో సగం వైద్యుడే. అతనిని విడిచి పొట్లాన్ని మాత్రమే తెచ్చుకున్నాము.

బ్రసెల్స్ నగరంలో జరిగినది వినండి. 1990లో అక్కడి ఒక చికిత్సాలయం ఒళ్ళు తగ్గించే మందులో చైనా మూలికలు చేర్చింది. 1992 నాటికి ఆరోగ్యవంతులైన యువతులు మూత్రపిండాలు చెడిపోయి ఒకరి తరువాత ఒకరు ఆసుపత్రికి రాసాగారు. పరిశోధించగా తేలినదేమిటి? వాడవలసిన మూలిక పేరు ఫాంగ్‌జీ. దాని స్థానంలో వచ్చినది గ్వాంగ్ ఫాంగ్‌జీ. పేర్లలో ఒక్క మాటే తేడా. మొక్కలు పూర్తిగా వేరు. రెండవ దానిలో అరిస్టోలోకిక్ ఆమ్లం అనే విషం ఉన్నది. వందమందికి పైగా దాని బారిన పడ్డారు. వారిలో అనేకులు డయాలిసిస్‌పై, మార్పిడి చేసిన మూత్రపిండాలపై ఆధారపడవలసి వచ్చింది. అంతటితోనూ ఆగలేదు. 2000 సంవత్సరంలో వెలువడిన పరిశోధన ప్రకారం, ముందుజాగ్రత్తగా మూత్రపిండాలు, మూత్రనాళాలు తొలగింపజేసుకున్న 39 మందిలో 18 మందికి క్యాన్సర్ కనబడింది.

అక్కడ మందు ఇచ్చినవారు వైద్యులే కదా అని మీరు అడగవచ్చు. నిజమే. వైద్యుల చేతిలోనే పేరు తారుమారైతే, అక్షరం రాని మన చేతిలో ఏమవుతుంది? చైనాలో కూడా ఇటువంటిదే జరిగింది. నోటిపూతకు, కండ్ల ఎరుపుకు, చెవుల్లో హోరుకు ప్రజలు దుకాణంలో తామే కొనుక్కొని మ్రింగే ఒక ప్రసిద్ధ మాత్ర ఉండేది. అందులో గ్వాన్ ముతోంగ్ అనే మూలిక చేరేది. దానిలోనూ అదే విషం. కొందరు ఆ మాత్రను ఏండ్ల తరబడి మ్రింగి మూత్రపిండాలు కోల్పోయారు. 2003లో ఆ ప్రభుత్వమే ఆ మూలిక వాడకాన్ని రద్దు చేసింది. ఈ మొక్కల బంధువు మనకు దూరంలో లేదు. మన నల్లరేగడి చేలలో నేలపై పాకే గాడిదగడప కూడా ఆ జాతిదే. "చెట్టు మందు కదా" అనే మాట చైనా పొట్లానికే కాదు, మన చేని గట్టుకూ వర్తించదు.

దైవప్రవక్త ముహమ్మద్ (స) కాలంలో జరిగిన ఒక సంఘటనను హజ్రత్ జాబిర్ (రజి) తెలిపారు. అది అబూ దావూద్ సంకలనంలో ఉన్నది. ప్రయాణంలో ఒక వ్యక్తి తలకు రాయి తగిలి గాయమయింది. ఆ స్థితిలోనే అతనికి గుసుల్ అవసరమయింది. తయమ్ముమ్ చేసుకోవచ్చా అని తోటివారిని అడిగాడు. నీళ్ళున్నాయి గనుక వీలులేదన్నారు వారు. అతను స్నానం చేశాడు, ప్రాణం పోయింది. ఆ వార్త విని దైవప్రవక్త (స) తీవ్రంగా బాధపడ్డారు. వారే అతనిని చంపారన్నారు. తెలియనప్పుడు అడగలేదెందుకని నిలదీశారు. అజ్ఞానమనే వ్యాధికి అడగటమే నివారణ అని బోధించారు. గమనించండి! ఆ సహచరులు దుర్మార్గులు కారు. మేలు కోరే చెప్పారు. మేలు కోరి మందు చెప్పే మన పొరుగువారు, వాట్సాప్‌లో సందేశాలు పంపే మన బంధువులు ఈ హదీసును తమ ఎదుట ఉంచుకోవాలి. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడని కూడా ప్రవక్త (స) తెలియజేశారు.

మరొక సందర్భాన్ని ఇమామ్ మాలిక్ తమ ముఅత్తాలో పొందుపరచారు. ఒక గాయపడిన వ్యక్తి కోసం ఇద్దరు వైద్యులను పిలిచారు. మీ ఇద్దరిలో వైద్యం బాగా తెలిసినవారు ఎవరని దైవప్రవక్త (స) అడిగారు. ఎవరో ఒకరు చాలునని అనలేదు. తవక్కుల్ పేరిట కండ్లు మూసుకోలేదు. రోగాన్ని దించిన ప్రభువే మందునూ దించాడన్న నమ్మకం, నిపుణుని కోసం వెదకటం ఆయన ఆచరణలో కలిసే ఉన్నాయి.

అల్లాహ్ మనందరినీ క్షమించుగాక. మీరూ ఆయనను క్షమాభిక్ష వేడుకోండి.

రెండవ ఖుత్బా

హమ్ద్, దరూద్ తరువాత.

సోదరులారా! హలాల్, హరామ్ విషయం కూడా ఇందులో ఇమిడి ఉన్నది. చైనా వైద్యంలో మూలికలే కాదు, జంతు ద్రవ్యాలూ ఉన్నాయి. గాడిద చర్మాన్ని ఉడికించి తీసే జిగురును రక్తహీనతకు వాడతారు. దాని గిరాకీ వలన ఆఫ్రికాలో గాడిదల సంఖ్య తగ్గిపోగా, 2024లో ఆఫ్రికా దేశాల కూటమి చర్మాల కోసం వాటి వధను నిషేధించింది. పెంపుడు గాడిద మాంసాన్ని ఖైబర్ దినాన ప్రవక్త (స) నిషేధించిన సంగతి మీకు తెలుసు. కొన్ని మూలికలను మద్యంలో నానబెడతారు. పాత గ్రంథాలలో మానవ శరీర భాగాలు కూడా మందులుగా ఉన్నాయి. కప్పను మందులో వాడటం గురించి ఒక వైద్యుడు అడిగినప్పుడు, దానిని చంపవద్దని ప్రవక్త (స) వారించినట్టు అబూ దావూద్‌లో ఉన్నది. గోదురుకప్ప విషంతో చేసే చాన్‌సూ అనే చైనా మందు గుండెపై పనిచేసే తీవ్రమైన ద్రవ్యం. ఆ విషమే ఉన్న ఒక సరుకును లోపలికి తీసుకొని 1990లలో న్యూయార్క్‌లో కొందరు మరణించారు. పొట్లంపై అక్షరాలు చదవలేనివాడు ఈ రెండు ప్రమాదాలలో దేనినీ గుర్తించలేడు. తప్పనిసరి అవసరం గురించి ఫిఖ్‌హ్‌లో ఉన్న సడలింపు, వేరే మందు దొరికే మోకాళ్ళ నొప్పికి వర్తించదు.

ఇక ఆచరణ విషయం. బీపీ, షుగర్, గుండె జబ్బులకు మందులు వాడేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు దాన్‌షెన్, దాంగ్‌గుయ్ అనే మూలికలు కలిపి తీసుకుంటే రక్తస్రావం కావచ్చు. చైనా మందులలో విరివిగా కలిపే అతిమధురం ఎక్కువ రోజులు వాడితే రక్తపోటును పెంచుతుంది, పొటాషియంను తగ్గిస్తుంది. మీరు వెళ్ళే డాక్టరు తిడతారేమోనని ఈ సంగతి దాచవద్దు. పొట్లాన్నే తీసుకువెళ్ళి చూపండి.

ఒక పొట్లంతో రెండు రోజులలోనే నొప్పి మాయమై, ఆకలి పెరిగి, ముఖం ఉబ్బితే దానిని కరామత్ అనుకోకండి. కీళ్ళ నొప్పుల కోసం అమ్మే ఇటువంటి సరుకులలో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ రహస్యంగా కలిపి ఉన్నదని సింగపూర్, హాంకాంగ్ ఔషధ విభాగాలు పలుమార్లు ప్రకటించాయి. దానివలన షుగర్ పెరుగుతుంది, ఎముకలు పలచబడతాయి. వారాల తరబడి వాడినవారు దానిని ఒక్కసారిగా మానివేయటం కూడా ప్రమాదమే. ముందు డాక్టరును కలవాలి.

విదేశాలలో ఉన్న మన పిల్లలకు ఒక మాట. సింగపూర్‌లో, హాంకాంగ్‌లో చైనా వైద్యులు ప్రభుత్వం వద్ద నమోదు కావాలన్న చట్టం ఉన్నది. అమ్మకు మోకాళ్ళ నొప్పి ఉంటే దుకాణంలో పొట్లం కొని పంపటం ప్రేమే, కాదనము. కాని అమ్మ వాడుతున్న మందుల చీటీ చూపకుండా కొన్న పొట్లం అమ్మకు మేలు చేయదు. మన ఊళ్ళ నుండి చైనాకు వెళ్ళి ఎంబీబీఎస్ చదివి వచ్చిన యువకులు, యువతులు ఉన్నారు. పెట్టెపై ఉన్న అక్షరాలను చదివి పెట్టటం వారికి కొద్ది నిమిషాల పని. మన మహల్లాకు అది ఒక సదఖా అవుతుంది.

ఓ అల్లాహ్! మాలో వ్యాధిగ్రస్తులకు స్వస్థత ప్రసాదించు. డయాలిసిస్ మంచాలపై ఉన్న మా సోదరులకు, సోదరీమణులకు సహనాన్ని, ఉపశమనాన్ని ప్రసాదించు. వైద్యులకు సరైన జ్ఞానాన్ని, మాకు వారిని అడిగే వినయాన్ని ప్రసాదించు. ఆమీన్.

సఫ్‌లు సరిచేసుకోండి.