లాంగ్‌లో పెట్టినా మైనస్ ఎందుకొచ్చింది?

ఈ రోజు జావాలో ఒక చిన్న లెక్క చూద్దాం. చిన్నదే, కానీ లైవ్ యాప్‌లో పడితే పెద్ద తలనొప్పి.

ఒక యాప్‌లో లాగిన్ 30 రోజులు ఉండాలనుకోండి. మిల్లీసెకన్లలో ఇలా రాస్తాం: 30 * 24 * 60 * 60 * 1000. మొత్తం 259 కోట్ల 20 లక్షలు. పెద్ద నంబర్ కదా అని లాంగ్ వేరియబుల్‌లోనే పెట్టాం. ప్రింట్ చేస్తే వచ్చేది -1702967296! అంటే యూజర్ లాగిన్ అవ్వగానే సెషన్ ఎక్స్‌పైర్.

ఎందుకిలా? కుడివైపు ఉన్న నంబర్లన్నీ ఇంట్. ఇంట్ ఇంటూ ఇంట్ అంటే జావాలో జవాబు కూడా ఇంటే. ఎడమవైపు ఏముందో గుణకారం చేసేటప్పుడు చూడదు. ఇంట్‌లో పట్టేది 2147483647 వరకే. దాటితే ఎర్రర్ రాదు, -2147483648కి వెళ్ళి మళ్ళీ లెక్క మొదలవుతుంది. ఆ తప్పు జవాబే తర్వాత లాంగ్‌గా మారుతుంది. పాలు గ్లాసులోంచి ఒలికిపోయాక, మిగిలినవి బిందెలో పోసినట్టు!

ఇంకో చిక్కుంది. 24 రోజులకి టెస్ట్ చేస్తే కరెక్ట్‌గానే వస్తుంది. 25 పెట్టగానే మైనస్. 7 రోజులతో టెస్ట్ చేసి వదిలేస్తే ఎప్పటికీ దొరకదు.

ఇది యాప్‌లతో ఆగదు. 2015లో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ, బోయింగ్ 787 మీద ఒక ఆదేశం ఇచ్చింది. 248 రోజులు ఆపకుండా పవర్‌లో ఉంచితే, జనరేటర్ కంట్రోల్ యూనిట్లలో కౌంటర్ ఓవర్‌ఫ్లో అయ్యి విమానంలో కరెంటు మొత్తం పోవచ్చట. అందుకే మధ్యమధ్యలో పవర్ ఆఫ్ చేయమన్నారు. సెకనులో వందో వంతు చొప్పున లెక్కపెట్టి చూడండి, 2147483647 దాటడానికి పట్టేది 248 రోజుల చిల్లర!

మరి మనమేం చేయాలి? మొదటి 30 పక్కన ఎల్ అక్షరం పెట్టండి. ఒకవైపు లాంగ్ ఉంటే రెండోదాన్నీ జావా లాంగ్‌గా మారుస్తుంది, అదే టైప్ ప్రమోషన్. వేరియబుల్స్‌తో గుణిస్తుంటే మ్యాథ్ డాట్ మల్టిప్లై ఎగ్జాక్ట్ వాడండి. దాటితే ఎక్సెప్షన్ ఇస్తుంది. తప్పు జవాబు కంటే ఎర్రర్ రావడమే నయం కదా!

ఇప్పుడు మీకో పని. బైట్ వేరియబుల్‌లో 127 పెట్టి, ప్లస్ ఈక్వల్స్‌తో 1 కలపండి. ఏమొచ్చిందో, ఎందుకొచ్చిందో కామెంట్‌లో రాయండి. ముందు రన్ చేయకుండా ఆలోచించండి సుమా!