చెత్తబండి స్టీరింగు: సభ్యుల బాధ్యత

పంచాయతీ సభ్యులారా!

2014లో చల్లపల్లి స్వచ్ఛంద కార్యకర్తలు వేకువనే చీపురు పట్టి ఊరి శుభ్రతకు దారి చూపిరి. ఆ చెత్తను మోయు ట్రాక్టరు క్షేమమునుగూర్చి కొన్ని మాటలు మనవి చేయుచున్నాము.

ఇంజను ఎంత బాగున్నను, ముందుచక్రములను త్రిప్పు టైరాడ్డు కొసలందలి బంతికీళ్లు అరిగినచో స్టీరింగు వదులగును. కీలు ఊడినచో చక్రము అదుపు తప్పును. మన కాలువగట్ల దారులలో అది ప్రాణాపాయము.

బండిని నిలిపి, ఇంజను ఆపి, ఒకరు స్టీరింగును ఇటునటు కొంచెము కదపగా, మరియొకరు కీలును చేతితో తాకి చూడవలెను. వదులు తెలిసినచో గ్రీజుతో సరిపెట్టక, కొత్త కీలును, నట్టుకు కొత్త పిన్నును వేయించి, చక్రముల వరుసను సరిచూపించవలెను. టైరు ఒక అంచుననే అరుగుటయు ఒక హెచ్చరికయే.

ఈ ఖర్చును ఆమోదించుటకు వెనుదీయవలదు. ఆ బండిని నడుపువాడు మన ఊరి బిడ్డయే.