పెరట్లో జానెడు మట్టి



భోగాపురం విమానాశ్రయానికి 2019లో ఒకసారి, 2023లో మరోసారి శంకుస్థాపన జరిగింది. మన ప్రాంతం పల్లె పోకడ విడిచి పట్నం బాట పట్టింది. పెంకుటిళ్లు తీసి డాబాలు కట్టుకుంటున్నాం. మరి పెరట్లోని పురుగూ పుట్రా సంగతేమిటి?

పట్నంలో పురుగులుండవనుకోవద్దు. డెంగ్యూ దోమకు పూలకుండీ కింద నిలిచిన నీళ్లు చాలు. బొద్దింకకు మురుగు తూము చాలు. పోయేవి మనకు మేలుచేసేవే. దోమపిల్లల్ని తినే తూనీగ పిల్లలు చెరువుల్లో పెరుగుతాయి. నిమ్మచెట్టు సీతాకోకచిలుక నిమ్మ, కరివేప ఆకుల మీద గుడ్లు పెడుతుంది. ఒంటరిగా బతికే తేనెటీగల్లో చాలా జాతులు నేలలో బొరియ చేసుకుంటాయి. వాకిలంతా సిమెంటు చేస్తే వాటికి చోటేదీ?

ఇంగ్లండులోని లీస్టర్ నగరంలో జెన్నిఫర్ ఓవెన్ అనే శాస్త్రవేత్త 1972 నుంచి 30 ఏళ్లపాటు, మనం రిజిస్టరు రాసినట్టే, తన ఇంటితోటలోని జీవుల లెక్క రాశారు. కీటకాలే 1,997 జాతులు తేలాయి!

పురుగు ఆయుష్షు కొద్ది వారాలో, నెలలో. ప్రతి తరానికీ మేత అందాలి. పెన్షను ఒక నెల ఆగితే మనం చేబదులు తెచ్చుకుంటాం. వాటికి చేబదులిచ్చేది పక్కింటి పెరడే. ఒక పెరట్లో చెట్టు పోయినా పక్క పెరట్లో ఉంటే జాతి నిలుస్తుంది. వీధంతా సిమెంటయితే మళ్లీ వచ్చే దారి లేదు.

కనుక పిల్లలు ఇంటి ప్లాను గీయించేటప్పుడు పెద్దలుగా ఒక్క మాట చెప్పండి. జానెడు మట్టి, ఒక నిమ్మ, ఒక కరివేప ఉంచమనండి.

సెలవు.