అమెరికా క్రీడావీరుడు జిమ్ థార్పు



నేడు నేను మీకు చెప్పబోవునది ఒక ఆటగాని చరిత్రము. ఆటలు పిల్లల వేడుకలు గదా, పెద్దలకు వానితో నేమి పని యని మీలో కొందరికి తోచవచ్చును. కాని యీ చరిత్రములో ఆట కొంతయే. తగవు చాల గలదు. తీర్పరులు తొందరపడి చెప్పిన తీర్పొకటియు, దానిని పూర్తిగా దిద్దుటకు పట్టిన నూటతొమ్మిది యేండ్లును ఇందు గలవు. ఊరి తగవులు విని మంచిచెడ్డలు నిర్ణయించు మీవంటివారికి ఇది వినదగిన విషయమని తలచి దీనిని ఎన్నుకొంటిని.

ఆతని పేరు జిమ్ థార్పు. ఉత్తర అమెరికా ఆదివాసులలో సాక్ అండ్ ఫాక్స్ అను తెగకు చెందినవాడు. ఆ ఆదివాసులను తెల్లవారు ఇండియనులు అని పిలిచిరి. మన ప్రాంతములకు సముద్రమార్గము వెదకుచు బయలుదేరిన కొలంబసు, తాను చేరిన నేల ఇదియే యని భ్రమించుటచే వచ్చిన పేరది. వారికిని మనకును పేరు తప్ప వేరు సంబంధము లేదు.

థార్పు నేటి ఓక్లహోమా రాష్ట్రపు నేలలో, 1887-88 ప్రాంతమున జన్మించెను. తెగవారు ఆతనికి వాథోహక్ అని పేరిడిరి; వెలుగుబాట యని దాని భావమట. ఆతనితో కవలగా పుట్టిన సోదరుడు బాల్యముననే మరణించెను. యౌవనము నిండకమునుపే తల్లియు తండ్రియు గతించిరి. 1904లో ఆతడు పెన్సిల్వేనియా రాష్ట్రమందలి కార్లైలు ఇండియను పాఠశాలలో చేరెను.

ఆ పాఠశాలను గూర్చి ఒక మాట చెప్పవలెను. 1879లో ప్రాట్ అను సైన్యాధికారి దానిని స్థాపించెను. ఆదివాసుల బిడ్డలను తల్లిదండ్రులకు దూరముగ నుంచి, వారిని తెల్లవారివలె మార్చుటయే దాని యుద్దేశము. చేరిన పిల్లల జుట్టు కత్తిరించిరి, పేర్లు మార్చిరి, తల్లిభాష మాటలాడనీయరైరి. అచ్చటనే మరణించి, ఆ యావరణముననే సమాధి చేయబడిన బిడ్డలును అనేకులు గలరు. ఇట్టిచోట థార్పునకు దొరికిన ఒకే విశాలమైన స్థలము ఆటస్థలము.

1907లో ఒకనాడు కొందరు విద్యార్థులు ఎత్తుదూకుట అభ్యసించుచుండిరట. పనిబట్టలతో ఆ దారిని పోవుచున్న థార్పు, వారు దాటలేక విడిచిన కర్రను ఒక్క ఊపున దాటిపోయెనని చెప్పుదురు. ఆ వార్త క్రీడాశిక్షకుడైన వార్నరు చెవినిబడెను. నాటినుండి ఆతని జీవితము మారెను.

అమెరికా ఫుట్‌బాలు మనమెరిగిన కాలిబంతి యాట కాదు. బంతి గుండ్రముగ గాక కోలగ నుండును. దానిని చేత పట్టుకొని పరుగెత్తవచ్చును. పక్షమునకు పదునొకండుగురు. మన చెడుగుడులో కూతకు పోయినవానిని ఎదుటి పక్షమువారు పట్టి పడవేయునట్లే, ఇందును బంతి గైకొని వచ్చువానిని పట్టి నేలగూల్తురు. వారిని తప్పించుకొని పొలిమేర గీతను దాటినచో పెద్ద గెలుపు. బంతిని తన్ని రెండు స్తంభముల నడుమ అడ్డుకర్రపైగా పంపినచో చిన్న గెలుపు. ఆ కాలమున ఈ యాట మిక్కిలి క్రూరముగ నుండెను. 1905లో ఆటగాండ్రు పలువురు మరణింపగా, దేశాధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టు కళాశాలలవారిని పిలిపించి మాటలాడవలసి వచ్చెను.

థార్పు పరుగునందును తన్నునందును సమానముగ దిట్ట. 1911లో కార్లైలు జట్టు, ఆ దేశమున మిక్కిలి ప్రసిద్ధమైన హార్వర్డు విశ్వవిద్యాలయపు జట్టును 18-15తో ఓడించెను. కాలి గాయమునకు కట్టు కట్టుకొనియే థార్పు నాలుగుమార్లు బంతిని స్తంభముల నడుమ పంపెను. మరుసటి యేడు కార్లైలు జట్టు సైనిక కళాశాల జట్టును 27-6తో గెలిచెను. ఆనాడు ఓడిన పక్షమున నాడినవారిలో ఐసెన్హోవరు అను యువకు డుండెను. ఆతడే పిమ్మట అమెరికా దేశాధ్యక్షుడయ్యెను. ఆదివాసులపై పోరిన సైన్యమునకు అధికారులను తయారుచేయు కళాశాలను, ఆదివాసుల బిడ్డలు ఆటస్థలమున నోడించిరి.

అదే 1912లో స్వీడను రాజధానియైన స్టాక్‌హోములో ఒలింపిక్ క్రీడలు జరిగెను. ఐదు పోటీలు కలిసిన పందెమునందును, పది పోటీలు కలిసిన పందెమునందును థార్పు ప్రథముడయ్యెను. పది పోటీలలో రెండవవానికంటె దాదాపు 700 అంకములు ఎక్కువ సంపాదించెను. జత కలియని బూట్లు తొడిగికొని నిలిచిన ఆతని ఛాయాచిత్రము నేటికిని గలదు. స్వీడను రాజు స్వయముగ బహుమానము లిచ్చెను. న్యూయార్కు నగరము ఊరేగింపుతో స్వాగతమిచ్చెను. ఆదివాసులందరికిని ఆ దేశపు పౌరసత్వ మిచ్చు చట్టము మాత్రము 1924 వరకు రాలేదు.

ఇక తగవు. 1913 జనవరిలో ఒక వార్తాపత్రిక, థార్పు 1909, 1910 సంవత్సరముల వేసవిలో నార్త్ కరోలినాలో కొలది డాలర్లు పుచ్చుకొని బేస్‌బాలు ఆడెనని ప్రకటించెను. డబ్బునకు ఆడినవాడు ఒలింపిక్ క్రీడలకు అర్హుడు కాడని నాటి నియమము. వేసవిలో అట్లాడిన కళాశాల విద్యార్థులు పెక్కుమంది యుండిరి. వారిలో అనేకులు మారుపేర్లు పెట్టుకొనిరి. థార్పు తన పేరుతోనే ఆడెను. కపటమెరుగనివాడే పట్టుబడెను. తాను ఇండియను పాఠశాల విద్యార్థిననియు, ఇట్టి నియమములు తన కంతగా తెలియవనియు ఆతడు లేఖ వ్రాసెను. వినినవారు లేరు. పతకములను తిరిగి తీసికొనిరి; గెలిచినవారి పట్టికనుండి పేరు కొట్టివేసిరి.

పెద్దలారా, ఇక్కడ ఒక సంగతి గమనింపుడు. ఆ క్రీడల నియమములలోనే, ఆక్షేపణ యేదైనను ముప్పది దినములలోపల తెలుపవలెనని యుండెను. ఈ ఆక్షేపణ వచ్చినది ఆరుమాసములకు. ఆటగానిపై ఒక నియమమును అక్షరము తప్పక ప్రయోగించినవారు, తమ్ము కట్టిపడవేయు నియమమును చూడనే లేదు. రెండవ స్థానము పొందిన స్వీడను దేశీయుడు వీస్లాండరు తనకు సంక్రమించిన స్వర్ణపతకమును మనసార అంగీకరింపలేదని ఆతని బంధువులు పిమ్మట చెప్పిరి.

థార్పు కుంగిపోలేదు. కొన్నియేండ్లు బేస్‌బాలు ఆడెను. 1915లో ఒహాయో రాష్ట్రమందలి కాంటను పట్టణపు ఫుట్‌బాలు జట్టు, ఆటకు 250 డాలర్ల చొప్పున ఇచ్చుటకు ఒడంబడి ఆతనిని చేర్చుకొనెను. ఆతనిని చూచుటకు జనము విరగబడి వచ్చిరి. 1920లో ఆ పట్టణముననే ఒక మోటారు వాహనముల దుకాణములో పలు జట్లవారు సమావేశమై ఒక సంఘమును స్థాపించి, థార్పునే ప్రథమాధ్యక్షునిగ నెన్నుకొనిరి. 1922లో నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ అని పేరు మార్చుకొన్న ఆ సంఘమే నేడు అపారమైన ధనము నార్జించుచున్నది. డబ్బు పుచ్చుకొని ఆడెనని దోషిగ నిలిపిన మనుష్యునే, డబ్బునకు బాహాటముగ ఆడు ఆటకు పెద్దగా కూర్చుండబెట్టిరి!

ఆటగాని యెముకలలో బలమున్నంతకాలమే ఆతని సంపాదన. 1928లో ఆతడు ఫుట్‌బాలు విరమించెను. మరుసటి యేటనుండి దేశమున ఆర్థిక క్షామము ప్రబలెను. చలనచిత్రములలో చిన్న వేషములు వేసెను. లాస్ ఏంజిలిసులో గోతులు త్రవ్వు కూలిపని చేసెను. మద్యపానమును ఆతనిని బాధించెను. 1932లో ఒలింపిక్ క్రీడలు ఆ నగరముననే జరుగగా, టిక్కెట్టు కొనుటకు ఆతనియొద్ద సొమ్ము లేకుండెను. ఆ వార్త తెలిసి, ఆదివాసి రక్తముగల ఉపాధ్యక్షుడు చార్లెసు కర్టిసు ఆతనిని పిలిచి తన చెంత కూర్చుండబెట్టుకొనెను. 1950లో పత్రికా రచయితలు అర్ధశతాబ్దమున అమెరికాలో సర్వోత్తమ క్రీడాకారు డాతడేయని ఎన్నుకొనిరి. 1953 మార్చి 28వ తేదీన గుండెజబ్బుతో ఆతడు మరణించెను. అప్పటికిని పతకములు రాలేదు.

అవి వచ్చినవి బిడ్డల చేతికి. 1982లో ఒలింపిక్ సంఘము ఆతని పేరును తిరిగి చేర్చుటకు నిశ్చయించి, 1983లో పతకముల నకళ్లను బిడ్డల కిచ్చెను. కాని రెండవవారితో సమానముగ గెలిచినట్లే వ్రాసిరి. 2022 జూలైలో మాత్రమే ఆతడొక్కడే విజేత యని పట్టికను దిద్దిరి.

ఈ చరిత్రమునుండి నేను గ్రహించినది ఇది. నియమము రెండు పక్షములను కట్టవలెను. ఒక పక్షమునే కట్టునది నియమము కాదు, ఉరిత్రాడు. నోరులేనివాని మాటను తీర్పునకు ముందే వినవలెను. తరువాత విన్నను ఫలములేదు. ఆలస్యముగ వచ్చిన న్యాయము కాగితమును దిద్దగలదు గాని, గోతులు త్రవ్విన చేతులకు పతకమును అందింపజాలదు. మీ రచ్చబండయొద్దకు దిక్కులేని వాడొకడు వచ్చి నిలుచునప్పుడు, ఈ వెలుగుబాటను ఒక్కమారు తలచుకొనుడని ప్రార్థించుచున్నాను.