ఉత్పరివర్తనాలు: వాటిని గుర్తించే మార్గాలు
(కళాశాల విజ్ఞాన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లవాణ్ణి చూసి “అచ్చం తాత పోలిక” అని పెద్దలు అనడం ప్రతి ఇంటా వినిపించే మాటే. ఆ పోలికను తరం నుంచి తరానికి అందించేవి జన్యువులు. అవి డి.ఎన్.ఏ. అనే పొడవైన అణువులో నాలుగే నాలుగు రసాయనాక్షరాలతో లిఖితమై ఉన్నాయి. మానవునిలో ఆ అక్షర జంటల సంఖ్య సుమారు 300 కోట్లు. కణం రెండుగా విడిపోయే ముందు ఈ మహాగ్రంథానికంతటికీ నకలు తయారు కావలసి ఉన్నది. తాళపత్రాలకు నకళ్లు వ్రాసిన లేఖకుల చేతిలో అక్షరదోషాలు దొర్లినట్లే ఇక్కడా అప్పుడప్పుడు దొర్లుతాయి. కణం వాటిలో చాలావాటిని తానే దిద్దుకుంటుంది. దిద్దుబాటుకు లొంగక నిలిచిపోయిన మార్పే ఉత్పరివర్తనం. కొన్ని మార్పులు హానికరం, కొన్ని మేలు చేస్తాయి. పెక్కింటికి చెప్పుకోదగిన ఫలితమే ఉండదు. మరి ఇంత సూక్ష్మమైన మార్పును శాస్త్రజ్ఞులు ఎట్లా పసిగట్టగలుగుతున్నారు?

మొదటి మార్గం రూపపరిశీలన. 1910లో అమెరికాలో థామస్ హంట్ మోర్గన్ పెంచుతున్న ఎర్రకన్నుల పండ్ల ఈగలలో తెల్లకన్నుల మగ ఈగ ఒకటి కనిపించింది. దానిని జతపరచి, సంతానాన్ని లెక్కించి, ఆ లక్షణానికి మూలమైన జన్యువు ఎక్స్ క్రోమోసోము మీద ఉన్నదని ఆయన నిరూపించాడు.

అయితే ప్రాణం తీసే మార్పులను కంటితో చూడడమెట్లా? పుట్టకముందే నశించిన జీవి సాక్ష్యం చెప్పలేదు కదా! హెర్మన్ ముల్లర్ ఈ చిక్కును చక్కగా విప్పాడు. మగ ఈగలపై ఎక్స్ కిరణాలు ప్రసరింపజేసి, ప్రత్యేకంగా రూపొందించిన ఆడ ఈగలతో జతపరచి, మనుమల తరాన్ని సీసాలలో పరీక్షించాడు. ఏ సీసాలో మగ ఈగ ఒక్కటీ లేదో, అక్కడ ఎక్స్ క్రోమోసోములో మారకమైన మార్పు జరిగినట్లు లెక్క. ఈ విధంగా లేమి సయితం సాక్ష్యమయింది. కిరణాలు ఉత్పరివర్తనాలను కలిగిస్తాయని 1927లో వెల్లడించిన ఈ పరిశోధనకు 1946లో నోబెల్ బహుమతి లభించింది.

రసాయనాలను పరీక్షించడానికి 1970వ దశకంలో బ్రూస్ ఏమ్స్ బాక్టీరియాలను ఎన్నుకున్నాడు. హిస్టిడిన్ అనే పోషకాన్ని స్వయంగా తయారు చేసుకోలేని సాల్మొనెల్లా రకాన్ని ఆ పోషకం దాదాపు లేని పళ్లెంలో ఉంచితే అది పెరగలేదు. పరీక్షించదలచిన రసాయనాన్ని చేర్చినప్పుడు మామూలు కంటె ఎక్కువ చోట్ల బాక్టీరియాల గుంపులు మొలిస్తే, ఆ రసాయనం జన్యువులను మార్చగలదని గ్రహించవచ్చు.

ఇక మనిషి విషయం. ఈగలను జతపరచినట్లు మనుషులను జతపరచరాదు; వారి రక్తమే సాక్ష్యం పలకాలి. సికిల్ సెల్ వ్యాధిలో ఎర్ర రక్తకణాలు ప్రాణవాయువు తగ్గినప్పుడు కొడవలి ఆకారంలోకి వంగి సన్నని రక్తనాళాలకు అడ్డుపడతాయి. 1949లో లైనస్ పౌలింగ్ బృందం హిమోగ్లోబిన్‌ను విద్యుత్ క్షేత్రంలో నడిపించి చూడగా రోగుల హిమోగ్లోబిన్ కదలిక వేరుగా ఉన్నది. వాహకులలో రెండు రకాలూ కనిపించాయి. తరువాత కేంబ్రిడ్జిలో వెర్నన్ ఇన్‌గ్రామ్ ఆ ప్రోటీనును ముక్కలు చేసి పరిశీలించి, తేడా అంతా ఒకే ఒక ఎమినో ఆమ్లంలో ఉన్నదని కనుగొన్నాడు. బీటా గొలుసులో ఆరవ స్థానాన గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వేలిన్ చేరింది. జన్యువులో మారినది ఒక్క అక్షరం!

1977లో ఫ్రెడరిక్ సాంగర్ ప్రకటించిన పద్ధతితో డి.ఎన్.ఏ. అక్షరాలను వరుసగా చదవడం సులభమయింది. 1980వ దశకంలో వచ్చిన పి.సి.ఆర్. వలన రక్తపు చుక్కలోని జన్యుభాగాన్ని కోట్ల ప్రతులుగా పెంచి పరీక్షించడం సాధ్యమయింది.

ఈ కథ మన దేశానికి దూరమైనది కాదు. 1952లో నీలగిరి గిరిజనులలోనూ, అస్సాం తేయాకు తోటల కార్మికులలోనూ ఈ లక్షణాన్ని గుర్తించారు. గుజరాత్ నుంచి ఒడిశా వరకు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఏజెన్సీ ప్రాంతాలలోనూ ఇది ఉన్నది. ఇది ఏ కులానికీ తెగకూ అంటిన కళంకం కాదు. వాహకులకు తీవ్రమైన మలేరియా నుంచి కొంత రక్షణ ఉన్నదని 1954లో ఆంథొని ఎలిసన్ చూపాడు. మలేరియా ప్రబలిన చోట ఈ జన్యువు నిలవడానికి కారణం అదే.

2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం ప్రారంభమయింది. 2047 దాని గడువు. రక్తం కలిపిన ద్రావణం మసకబారితే కొడవలి హిమోగ్లోబిన్ ఉన్నట్లు. అయితే రోగికీ వాహకునికీ కూడా అది మసకబారుతుంది. ఎవరు ఎవరో తేల్చడానికి రెండవ పరీక్ష తప్పదు. ఈ తేడా తెలియనందువల్ల ఆరోగ్యవంతురాలైన వాహకురాలిని రోగిగా ఎంచి పెండ్లి సంబంధం తప్పించడం ఎంత అన్యాయం!

తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకవంతు. ఒకరే వాహకులై, రెండవవారి హిమోగ్లోబిన్‌లో ఏ దోషమూ లేకపోతే ఏ బిడ్డకూ ఈ వ్యాధి రాదు. పెండ్లికి ముందు జాతకాలు చూసే ఇండ్లలో ఈ రక్తపరీక్ష పత్రాలు కూడా చూసుకోవడం మేలు. ఆ మాటను భయపెట్టకుండా, అవమానించకుండా ఊరూరా చెప్పవలసిన బాధ్యత విజ్ఞానశాస్త్రం చదువుకున్న మీ మీద ఉన్నది.