గ్రంథి మొత్తానికా, ఒక మూలకా?

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ముప్ఫయి నాలుగేళ్లు ఆడిట్ శాఖలో ఇతరుల లెక్కల్లో తప్పులు వెతికి రిటైరైనవాణ్ణి. ఆరోగ్యం మీద మాట్లాడమని కార్యదర్శిగారు అడిగితే డాక్టరుగారినెవరినైనా పిలవమన్నాను. "వారు చెప్పేది వింటూనే ఉన్నాం, మీకు జరిగింది చెప్పండి" అన్నారు. సోదరీమణుల ముందు ఈ విషయం ఎలా ఎత్తడమా అని జంకాను. మా ఆవిడే "రెండేళ్లు దాచింది చాల్లేదా, వెళ్లి చెప్పండి" అంది. కనుక చెబుతున్నాను.

మగవారికి మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉండే గ్రంథి ప్రోస్టేటు. వయసులో ఉన్నప్పుడు పెద్ద ఉసిరికాయంత ఉంటుంది, తరువాత పెరుగుతుంది. రాత్రి నాలుగైదుసార్లు లేవడం, ధార సన్నబడడం చాలావరకు ఈ పెరుగుదల వల్లే, కాన్సరు వల్ల కాదు. కాన్సరు మొదట్లో ఏ బాధా పెట్టదు. నేను మాత్రం రాత్రిళ్లు లేవడమంతా సుగరు ఖాతాలో రాసేసి రెండేళ్లు గడిపాను.

2021లో, నా 72వ ఏట, పి.ఎస్.ఏ. అనే రక్తపరీక్ష చేస్తే 8.4 వచ్చింది. ఈ అంకె ఒక్కటీ చూసి గుండె బాదుకోనక్కరలేదు. గ్రంథి పెరిగినా, మూత్రంలో ఇన్ఫెక్షనున్నా అది పెరుగుతుంది. ఫినాస్టరైడు, డుటాస్టరైడు మాత్రలు వాడేవారికి కొన్ని నెలల్లో సుమారు సగానికి తగ్గి, లేని ధైర్యాన్నిస్తుంది. ఆ మాత్రలు వేసుకుంటున్న సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. అసలు 70 దాటి, ఏ లక్షణాలూ లేనివారికి ఈ పరీక్ష మామూలుగా చేయవద్దని అమెరికాలోని నివారణ వైద్య నిపుణుల బృందం 2018లోనే చెప్పింది. నాకు లక్షణాలున్నాయి కనుక చేశారు. ఆరు వారాలాగి మళ్లీ చేసినా తగ్గలేదు. ఎం.ఆర్.ఐ.లో ఎడమవైపు ఒక మచ్చ కనిపించింది. బయాప్సీలో "3+4" అని వచ్చింది.

ఇవి గ్లీసన్ మార్కులు. డోనాల్డ్ గ్లీసన్ అనే అమెరికా పాథాలజిస్టు 1960లలో పెట్టిన పద్ధతి. ఎక్కువ వస్తే సంతోషించే మార్కులు కావివి. నేడు రిపోర్టుల్లో కాన్సరంటే 6తో మొదలై 10 దాకా పోతుంది. 3+4, 4+3 రెండూ ఏడే, కాని రెండోది మరింత గట్టిది. మొత్తం ఒకటే, పద్దులు వేరు. మొదటి అంకె ఏ రకం కణాలు ఎక్కువున్నాయో చెబుతుంది.

ముగ్గురు డాక్టర్లను కలిశాను. ఒకరు గ్రంథి మొత్తం తీసేద్దామన్నారు. ఒకరు రేడియేషన్ అన్నారు. మూడోవారు కొంతకాలం గమనిస్తూ ఉండవచ్చన్నారు. ముగ్గురూ మంచివారే, ముగ్గురూ నిజమే చెప్పారు. ఇల్లు మాత్రం నాది. మా ఆవిడకు అప్పటికే ఆరేళ్లుగా కుడివైపు పక్షవాతం. పొద్దున్నే మంచం మీంచి లేవదీసి బాత్‌రూముకు తీసుకెళ్లేది నేనే. ఆపరేషన్ తరువాత కొందరికి దగ్గినా, బరువెత్తినా మూత్రం కారుతుంది, చాలామందికి నెలల్లో తగ్గుతుంది, కొద్దిమందికి ఉండిపోతుంది. ఆ కొద్దిమందిలో నేనుంటే ఆమెను ఎవరు లేవదీస్తారు? దాంపత్య విషయం కూడా అడిగాను. "ఈ వయసులో అదెందుకండీ" అని ఒక కుర్ర డాక్టరు నవ్వాడు. ఎందుకో నాకు తెలుసు. ఆయన పని జవాబు చెప్పడం.

అప్పుడు మా అల్లుడు ఈ "ఫోకల్" చికిత్స సంగతి కనుక్కున్నాడు. గ్రంథినంతా వదిలి, మచ్చ ఉన్న మూలనే మాడ్చేయడం. చిన్నప్పుడు భూతద్దంతో ఎండను ఒకచోటికి చేర్చి కాగితం కాల్చేవాళ్లం కదా, అలాగే మలద్వారం గుండా పెట్టిన గొట్టం నుంచి ధ్వని తరంగాలను ఒక బిందువుకు చేర్చి అక్కడి కణజాలాన్ని వేడితో చంపుతారు. దాన్ని హైఫు అంటారు. గడ్డకట్టించి చంపేది క్రయోథెరపీ. లేజరుతో, విద్యుత్ స్పందనలతో చేసేవీ ఉన్నాయి. చుట్టూ ఉన్న నరాలు, మూత్రాన్ని పట్టి ఉంచే కండరం చాలావరకు మిగులుతాయి కనుక కారడం, దాంపత్య ఇబ్బంది తక్కువ. వినగానే ఎవరికైనా ఆశ పుడుతుంది, నాకూ పుట్టింది.

ఆడిటరును కదా, కాగితాలు చదివాను. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2015లో హైఫు యంత్రానికి అనుమతి ఇచ్చింది, కాని దేనికని? ప్రోస్టేట్ కణజాలాన్ని నశింపజేయడానికి. కాన్సరును నయం చేస్తుందని కాదు. ఆ తేడా ప్రకటనల్లో కనపడదు. 2022 నాటి అమెరికా యూరాలజీ సంఘం సూచనలూ అంతే. మధ్యస్థ ప్రమాదంలో తేలికరకం ఉన్నవారికి ఆలోచించవచ్చు, అయితే ఆపరేషన్, రేడియేషన్, గమనింపులతో పోల్చిన గట్టి ఆధారాలు లేవని రోగికి ముందే చెప్పాలి అన్నారు. పైగా ఈ కాన్సరు చాలామందిలో ఒకచోటే ఉండదు, గ్రంథిలో అక్కడక్కడ చిన్న మచ్చలుంటాయి. పెద్ద మచ్చను చంపితే చాలు, చిన్నవి అపాయం చేయవన్న నమ్మకం మీద ఈ వైద్యం నిలబడి ఉంది.

మరి ఏమీ చేయకుండా గమనిస్తే? బ్రిటన్‌లో 1999 నుంచి పదేళ్లపాటు 82 వేలమందికి పైగా పరీక్షలు చేసి, కాన్సరు బయటపడిన 50-69 ఏళ్లవారిలో 1,643 మందిని చీటీ వేసినట్టు మూడు వర్గాలు చేశారు. ఒక వర్గాన్ని గమనించారు, ఒకదానికి ఆపరేషన్, ఒకదానికి రేడియేషన్. పదిహేనేళ్ల ఫలితాలు 2023లో వచ్చాయి. ఈ జబ్బుతో పోయినవారు మొత్తం 45 మంది, ఇతర కారణాలు కూడా కలిపితే 356. మూడు వర్గాల మధ్య ఈ జబ్బు మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే జబ్బు వేరేచోట్లకు పాకడం మాత్రం గమనించిన వర్గంలో నూటికి 9 మందికి పైగా, మిగతా రెండింటిలో 5 మంది లోపు. ఈ లెక్క చూశాక నా కంగారు సగం తగ్గింది. వారాల్లో తేల్చేయాల్సిన పని కాదని తెలిసింది. గ్లీసన్ 6 వచ్చినవారికయితే ఫోకలు కూడా చాలాసార్లు అనవసరమే, గమనిస్తే చాలు.

రెండో కొసన ఒక మిత్రుడి సంగతి. పేరు వద్దు, మీలో చాలామందికి తెలుసు. ఆయనకు 4+5. కోత లేదు, కుట్టు లేదు, మర్నాడే ఇంటికి అన్న ప్రకటన చూసి ఒకచోట ఇదే చేయించుకున్నాడు. ఏడాదికి ఎముకల్లో తేలింది. అంత గట్టి జబ్బుకు, గ్రంథి దాటిన జబ్బుకు ఇది వైద్యం కాదు. ఆ మాట ఆయనకు డబ్బు కట్టకముందే చెప్పవలసింది.

నేను చేయించుకున్నాను. ఒకవైపే మచ్చ, 3+4, ఎం.ఆర్.ఐ., బయాప్సీ రెండూ ఒకే మాట చెప్పాయి. ఆరు రోజులు గొట్టం, నాలుగు రోజులు ఎర్రటి మూత్రం. కారడం లేదు. నెలలోపే మా ఆవిడను మళ్లీ లేవదీశాను. పి.ఎస్.ఏ. 2.1కి దిగింది. గ్రంథి మిగిలే ఉంటుంది కనుక సున్నా కాదు. ఏడాదికి బయాప్సీ మళ్లీ చేశారు, అది తప్పించుకోకూడదు. ఎడమవైపు శుభ్రం. కుడివైపు ఒక ముక్కలో 3+3. అంటే కథ అయిపోలేదు. ఆరునెలలకొకసారి రక్తపరీక్ష, అవసరమైతే ఎం.ఆర్.ఐ. మొన్నటిది 2.6. పెరిగితే రేడియేషనో, ఆపరేషనో అప్పుడు చూస్తాం. ఆ దారులు మూసుకుపోలేదని డాక్టరుగారు రాసిచ్చారు.

ఖర్చు సంగతీ చెప్పాలి. రీయింబర్సుమెంటుకు పెట్టిన బిల్లు ఈ చికిత్స జాబితాలో లేదన్న ఆబ్జెక్షనుతో తిరిగొచ్చింది. జన్మంతా ఆబ్జెక్షన్లు రాసిన చేతికి ఆ కాగితం అందుకోవడం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. చేరకముందే మీ పథకంవారి దగ్గర వ్రాతపూర్వకంగా తెలుసుకోండి.

ఇటువంటి రిపోర్టు ఇంట్లో దాచుకున్నవారు ఈ సభలో ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. నా ఫైలు కార్యదర్శిగారి బల్ల మీద పెట్టాను, మొదటి రక్తపరీక్ష నుంచి తిరిగొచ్చిన బిల్లు దాకా అన్నీ ఉన్నాయి. టీ విరామంలో నేను అక్కడే కూర్చుంటాను.