శబ్దమునకు ముందు పోవు తూటా



ఆంగ్లేయులు పెద్ద ద్రాక్షసారాయి సీసాను మాగ్నమ్ అందురు. మామూలుకంటె ఎక్కువ మందు పట్టు తూటాకును ఆ పేరే వచ్చినది. 1925లో హాలెండ్ అండ్ హాలెండ్ వారు వెలువరించిన 300 మాగ్నమ్ తూటా గుండు సెకనునకు సుమారు 2,900 అడుగులు పోవును. శబ్దము పోవునది 1,100 అడుగులే. కావున మృగమునకు ముందు దెబ్బ, వెనుక చప్పుడు.

దీనితో 500 గజముల దూరమునుండి కొట్టుదుమని గర్వించినవారు గలరు. అంత దూరము పోవుటకు గుండునకు అరసెకను దాటును. దారిలో నాలుగడుగులకు మించి క్రిందికి వ్రాలును. ఆలోపల జింక యొక్క అడుగు వేసెనా, గుండెకు తగులవలసినది కడుపునకు తగులును. అది పొదలలోబడి దినముల తరబడి బాధపడి చచ్చును. గాయపడి అడవి వేట చేతకాని పెద్దపులి పశువులమీదికి, తుదకు మనుష్యులమీదికి రావచ్చును.

భాకరాపేట దాపున చామల లోయలోని నరభక్షక వ్యాఘ్రము కథను కెన్నెత్ ఆండర్సన్ 1954 నాటి గ్రంథమున వ్రాసెను. ఆయన వాడుక తుపాకి 405 వించెస్టరు. దాని గుండు వేగము 2,200 అడుగులే. మన కొండల ముండ్లపొదలలో దగ్గరకు పోక గురి దొరకదు. అచట వేగముకంటె ఓర్పే ముఖ్యము.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. నేడు వినోదమునకై వేటాడుట నేరము. నీతి మాత్రము పాతదే. దశరథుడు చూడక, చప్పుడు విని బాణము విడిచి మునికుమారుని చంపెను, పుత్రశోకము ననుభవించెను. ఆయుధమెంత దూరము పోవునో, వివేకమును అంత దూరము పోవలెను. ఈ మాట మీ పిల్లలకు చెప్పుడు.